జీతం ఆమెది, లెక్క ఎవరిది?

ఏడాదికి 2 శాతం వడ్డీకి బ్యాంకులో 100 రూపాయలు వేసి ఐదేళ్లు ముట్టుకోకపోతే, చివరికి 102 కంటే ఎక్కువ వస్తుందా, తక్కువా? డబ్బు విషయాలు జనానికి ఎంత తెలుసో కొలవడానికి అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఆర్థికవేత్తలు తయారుచేసిన మూడు ప్రశ్నల్లో ఇదొకటి. ఇలాంటివి ఎన్నో దేశాల్లో అడిగారు. దాదాపు అన్నిచోట్లా ఆడవాళ్లే వెనకబడ్డారు. 2014లో జరిగిన ప్రపంచ సర్వేలో మగవాళ్లలో 35 శాతం, ఆడవాళ్లలో 30 శాతం మందే గట్టెక్కారు.

అయితే మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా 'తెలియదు' అన్నారు. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు కొంతకాలం తర్వాత అదే మనుషులకు ఆ ఆప్షన్ తీసేసి మళ్లీ అడిగితే, చాలామంది ఆడవాళ్లు సరైన జవాబే పెట్టారు. తేడాలో మూడో వంతు ధైర్యం చాలకపోవడం వల్లేనని వాళ్లు లెక్కకట్టారు.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరున్న ఊరు. మన పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. సంఘంలో అప్పు తీసుకుని కంతులు కట్టే ఆడమనిషికి ఈ లెక్క నోటికి వచ్చు. ఆమెను పరీక్షలో శాతాల్లో అడిగి, తడబడితే తెలియదని రాసుకోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఆ తేడాలో మిగతా రెండు వంతులు మాత్రం నిజమైన లోటే. అనంతపురంలో టీచరో, కడపలో నర్సో అనుకోండి. జీతం ఆమె ఖాతాలోనే పడుతుంది. ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంటి లోను, ఇన్సూరెన్స్ అన్నీ ఆయనే చూస్తాడు. చేతిలో లేని పని ఎవరికైనా ఎలా వస్తుంది? అమెరికాలో జోఆన్ సూ అనే పరిశోధకురాలు గమనించినదీ ఇదే: భర్త పోయే వయసు దగ్గరపడే కొద్దీ భార్యల ఆర్థిక పరిజ్ఞానం పెరుగుతోంది. అవసరం దగ్గరపడ్డాకే నేర్చుకుంటున్నారు.

ఆలస్యానికి ఖరీదు ఉంది. 12,000 రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం 'ఫ్లాట్' వడ్డీ అనుకుందాం. నెలకు 1,120 చొప్పున పన్నెండు కంతులు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 12,000 మీదే పడుతుంది. అందుకే నిజంగా పడే వడ్డీ రేటు ఏడాదికి 21 శాతం దాటుతుంది. జీతం ఆమెదైనప్పుడు, సంతకం పెట్టే ముందు 'ఇది ఫ్లాటా, తగ్గే అసలు మీదా?' అని అడగాల్సిందీ ఆమే.