రోజూ నడిచే మనిషి ఇంటి కడప కాడ ఎట్ల పడ్డడు?

మొన్న వానలప్పుడు మా పెదనాయిన ఇంట్లనే కడప దాటుకుంట పడ్డడు. మణికట్టు విరిగింది. పట్టీ వేయించుకొని ఇంటికొచ్చినంక నన్ను అడిగిన మొదటి మాట, "రోజూ పొద్దుగాల ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ల నాలుగు రౌండ్లు కొడ్త గదరా, మరి నేనెట్ల పడ్డ?" పెద్దమ్మేమో దిష్టి తగిలిందని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది. దిష్టి తీసుకుంటే తీసుకోండి గానీ అసలు కారణం అక్కడితో మరుగున పడిపోతది, అదే నా బాధ.

చిన్నప్పుడు చీపురుకట్టను అరచేతిల నిలబెట్టి ఆడినోళ్ళకు జవాబు సగం తెలుసు. కట్ట నిలబడ్డది అంటం గానీ అది అటో ఇటో ఒరుగుతనే ఉంటది, ఒరిగిన దిక్కుకు మనం చెయ్యి జరుపుతనే ఉంటం. మనిషి నిలబడుడు కూడా గంతే! బరువంతా బొడ్డు దగ్గర, సుమారు మీటరు ఎత్తుల ఉంటది, కింద చూస్తే జానెడు పాదాలు. చీపురుకు చెయ్యి చేసే పని మనకు చీలమండలు, పిక్కలు చేస్తయి, ఎటు ఒరుగుతున్నమో కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళు కబురు పంపుతయి. స్నానం చేసేటప్పుడు మొహానికి సబ్బు పెట్టి కళ్ళు మూసుకుంటే ఒక కబురు బందయితది, షుగర్‌తోని అరికాళ్ళు మొద్దుబారితే ఇంకోటి.

ఇగ లెక్క చూడండి. ఆ మీటరు ఎత్తును 9.8తో (భూమి గుంజుడు లెక్క, గురుత్వ త్వరణం) భాగించి వర్గమూలం తీస్తే 0.32 వస్తది. అంటే మధ్యల పిక్కలు పట్టి ఆపకపోతే ప్రతి 0.32 సెకన్లకు ఒరుగుడు దాదాపు 2.7 రెట్లయితది, ఒక్క సెకనుల ఇరవై రెట్లు దాటుతది. మిల్లీమీటరు ఒరిగితే రెండు సెంటీమీటర్లు, సర్దుకుంటం. సెంటీమీటరు ఒరిగితే ఇరవై, ఇగ పడుడే. కబురు పోయి పిక్క బిగుసుకునేసరికి సెకనుల పదో వంతు పైనే పడుతది, వయసు మీద పడ్డకొద్దీ అది ఇంకా లేటయితది. పెన్సిల్ నిలబెట్టి చూడండి, చీపురుకన్నా కష్టం, పొట్టిది కాబట్టి తొందరగా ఒరుగుతది. బళ్ళె ఇదంతా ఒక్క చీపురుకట్టతోని చూపిస్తే పిల్లలు జన్మల మర్చిపోరు.

నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉండేది సుమారు 0.4 సెకన్లే, ఒరుగుడు పెరిగేలోపు రెండో కాలు వచ్చి ఆపుకుంటది. కడప కాడ అట్ల కాదు, కాలు ఎత్తాలె, మెల్లగ అవతల పెట్టాలె, సెకను దాకా ఒంటికాలి మీదనే ఉండాలె. నాలుగు రౌండ్లు కాదు నలభై కొట్టినా సాఫు గ్రౌండ్ల ఈ పని ప్రాక్టీస్ కాదు! వాకింగ్ గుండెకు మంచిది, మానొద్దు, పడకుండ ఉండనీకి మాత్రం ఒరిగి ఆపుకునుడు విడిగ నేర్చుకోవాలె.

వైద్య ప్రయోగాల ఫలితాలను కూడగట్టి తూకం వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2019ల 108 ప్రయోగాలు, 23 వేల మందికి పైగా మనుషుల లెక్కలు ఒక్క దగ్గర చేర్చి చూస్తే వ్యాయామంతోని పడుడు 23 శాతం తగ్గింది, అందుల బ్యాలెన్స్ కసరత్తులకే గట్టి ఆధారం దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినోళ్ళను వారంల మూడు రోజులకు తక్కువ కాకుండ చేయమంటది.

వంటింటి గట్టు పట్టుకొని, పక్కన ఒక మనిషిని పెట్టుకొని, పాదాలు జోడించి పది లెక్కపెట్టాలె. అది సులువైతే ఒక పాదం సగం ముందుకు, తర్వాత ఒక పాదం మడిమె రెండో పాదం వేళ్ళకు ఆనించి, ఆఖరికి ఒంటికాలి మీద. గట్టు మీద రెండు చేతులు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక్క వేలు. కొంచెం ఊగాలె, ఊగకపోతే కండరానికి పనే లేదు. కుర్చీల నుంచి చేతులు ఆనించకుండ లేచుడు కూడా చేయాలె, తొడల బలానికి. మా నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతోని మోకాళ్ళు, నడుము బిగుసుకపోయిన పెద్దోళ్ళు ఉన్నరు, వాళ్ళు ముందు ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోవాలె. లేస్తే కళ్ళు తిరిగేటోళ్ళు తినే గోలీలన్నీ డాక్టర్ ముందు పెట్టాలె.

మన దగ్గర పెద్దోళ్ళు ఒక్కసారి పడితే ఇంటిల్లిపాదీ "కూసో, నువ్వు లేవకు" అంటరు, ప్రేమతోనే అంటరు, కానీ కూసుంటే పిక్కలు ఇంకా సన్నబడుతయి.

పెదనాయినకు కట్టు విప్పిండ్రు. పొద్దున గట్టు కాడ మడిమెకు వేళ్ళు ఆనించి నిలబడుతుండు, పెద్దమ్మ వెనక చెయ్యి అడ్డం పెట్టి లెక్కపెడుతది. నిన్న ఏడు దాకా వచ్చిండు, ఎనిమిదికి గట్టు పట్టుకున్నడు.