పురుగుల మరకలు చెప్పే డీజిల్ లెక్క

ఎండాకాలం సాయంత్రం టెక్సస్‌లో ఏదో ఒక ట్రక్ స్టాప్‌కి వెళ్ళి, అప్పుడే హైవే దిగివచ్చిన బండ్ల మొహాలు ఒకసారి దగ్గర నుంచి చూడండి. పీటర్‌బిల్ట్ 389 లాంటి పొడుగు ముక్కు బండి అయితే నిటారుగా ఉన్న గ్రిల్లు మీద, ఇంజన్‌కి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన ఎయిర్ క్లీనర్ డబ్బాల మీద, అద్దం పైన వేలాడే క్రోమ్ రేకు మీద పురుగులు దట్టంగా అతుక్కుని ఎండిపోయి ఉంటాయి. పక్కనే నున్నటి మొహం ఉన్న ఫ్రైట్‌లైనర్ కాస్కేడియా ఉంటే దాని మీదా ఉంటాయి గానీ, వంపు తిరిగిన చోట్ల బాగా పలచన. ఎందుకంటే గాలి మెల్లగా పక్కకి మళ్ళే చోట దాంతోపాటు చాలా పురుగులు కూడా మళ్ళిపోతాయి. గాలి ఒక్కసారిగా గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయే చోట గాలి ఎలాగో పక్కకి జారుకుంటుంది, పురుగుకి మాత్రం అంత టైమ్ ఉండదు. కాబట్టి మరకలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ ఇంజన్ గాలిని నెట్టడానికి డీజిల్ తగలేస్తోందని అర్థం.

ఇదంతా ఇప్పుడు నా బుర్రలో తిరగడానికి కారణం మా బావ. పదేళ్ళు కంపెనీ బండి నడిపాడు, ఇప్పుడు సొంతంగా ట్రక్కు కొని ఓనర్ ఆపరేటర్ అవుదామని చూస్తున్నాడు. వాళ్ళ నాన్న గుంటూరు నుంచి లారీ తోలిన మనిషి, ఆ లారీకి దసరాకి పూలదండలు వేసి నిమ్మకాయలు తొక్కించడం చూస్తూ పెరిగాడు, అందుకే "బండి అంటే బండిలా కనబడాలి బావా, ఆ సబ్బుబిళ్ళ లాంటిది నాకొద్దు" అంటాడు. ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. నెలలో మూడు వారాలు అందులోనే తిని, అందులోనే పడుకునే మనిషికి బండి నచ్చాలి. కాకపోతే ఆ నచ్చడానికి ఎంత ఖర్చవుతుందో కొనకముందే తెలియాలని నా పట్టుదల.

వాళ్ళ నాన్నగారి లారీకి గాలి పెద్ద సమస్య కాదు. గంటకి 50 కిలోమీటర్లు పోతే గొప్ప. ఇక్కడ ఇంటర్‌స్టేట్ మీద గంటకి 65 మైళ్ళు, అంటే దాదాపు 105 కిలోమీటర్లు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. గాలికి ఎదురు నిలిచే ముఖం సుమారు 10 చదరపు మీటర్లు, డ్రాగ్ గుణకం, అంటే బండి ఆకారాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, నున్నటి బండికి 0.55, పొడుగు ముక్కు బండికి 0.75 అనుకుందాం. 65 మైళ్ళ వేగంలో నున్నటి బండిని గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 280 కిలోల బరువుతో సమానం, పొడుగు ముక్కుది 385 కిలోల దాకా పోతుంది. చట్టం ఒప్పుకునే 80,000 పౌండ్ల నిండు లోడుతో టైర్ల రాపిడి ఇంకో 215 కిలోల దాకా కలుస్తుంది, అది రెండింటికీ ఒకటే. మొత్తం కలిపితే పొడుగు ముక్కు బండి ప్రతి మైలుకీ 20 శాతం ఎక్కువ కష్టపడుతోంది.

ఇది కనిపెట్టడానికి విమానాల వాళ్ళు కావాల్సి వచ్చింది. 1973లో కాలిఫోర్నియా మొహావీ ఎడారిలో, నాసా విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసే ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు సైకిల్ మీద ఆఫీసుకి పోతుండేవాడు. పెద్ద ట్రక్కు పక్క నుంచి దూసుకుపోయినప్పుడల్లా ముందు గాలి అతన్ని బయటికి నెట్టేది, బండి దాటిపోతుంటే మళ్ళీ రోడ్డు వైపు లాగేది. మన హైవేల మీద సైకిలో మోటార్ సైకిలో నడిపిన ఎవరికైనా ఆ తోపుడు ఒంటికి తెలుసు. అతనూ అతని తోటివాళ్ళూ ఒక పాత వ్యాన్‌కి చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, చెప్పుల డబ్బాలా నాలుగు మూలలూ చదరంగా చేసి రన్‌వే మీద పరీక్షించారు. తర్వాత మూలలు గుండ్రం చేస్తూ పోయారు. నిలువు మూలలు గుండ్రం చేస్తే గాలి అడ్డు 40 శాతం తగ్గింది, అడ్డం మూలలు కూడా చేస్తే 54 శాతం. దీనికోసం లోపల పోగొట్టుకున్న చోటు 3 శాతమే. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే, ఎందుకంటే ఇందులో కొత్త ఇంజనూ లేదు, కొత్త ఇంధనమూ లేదు, రేకుని వంచారంతే.

ఇక ఆ పొడుగు ముక్కు ఎక్కడి నుంచి వచ్చిందంటే, దాని వెనక చట్టం కథ ఒకటుంది. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో బండి మొత్తం పొడవు మీద పరిమితి ఉండేది. ముక్కు పెరిగితే సరుకు పెట్టే జాగా తగ్గుతుంది కాబట్టి, మన లారీల్లా డ్రైవర్ ఇంజన్ మీదే కూర్చునే చదరం మొహం బండ్లు ఎక్కువగా నడిచేవి. 1982లో వచ్చిన ఫెడరల్ చట్టం పెద్ద హైవేల మీద మొత్తం పొడవు సంగతి వదిలేసి ట్రైలర్ పొడవునే లెక్కలోకి తీసుకుంది. దాంతో ముక్కుకి స్వేచ్ఛ వచ్చింది. కొందరు దాన్ని నిటారుగా, పొడుగ్గా, క్రోమ్‌తో మెరిసేలా చేశారు. కెన్‌వర్త్ కంపెనీ మాత్రం 1985లో టీ600 అని ముక్కు కిందికి వాలిన బండి తెచ్చింది. డ్రైవర్లు దాన్ని 'యాంట్‌ఈటర్' అని పిలిచారు, చీమల్ని తినే ఆ పొడుగు మూతి జంతువు అన్నమాట. ఇవాళ రోడ్డు మీద ఎక్కువగా కనబడేవి ఆ వాలు ముక్కు వారసులే.

సరే, డబ్బు సంగతి. ఏడాదికి లక్ష మైళ్ళు, డీజిల్ గ్యాలన్ 4 డాలర్లు అనుకుందాం. గ్యాలన్‌కి 8 మైళ్ళు ఇచ్చే నున్నటి బండి 12,500 గ్యాలన్లు తాగుతుంది, 6.5 ఇచ్చే పొడుగు ముక్కుది దాదాపు 15,385. తేడా 2,885 గ్యాలన్లు, అంటే 11,500 డాలర్లు దాటుతుంది, నెలకి వెయ్యికి కాస్త తక్కువ. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మైలేజి 8 నుంచి 9కి పెరగడం, 5 నుంచి 6కి పెరగడం ఒకటే అనిపిస్తుంది, రెండూ ఒక మైలే కదా అని. కానీ మొదటిదాంట్లో ఏడాదికి మిగిలేది 1,389 గ్యాలన్లు, రెండోదాంట్లో 3,333. కాబట్టి ఉన్న బండి ఎంత తిండిపోతయితే దాన్ని కాస్త బాగుచేసినా అంత ఎక్కువ మిగులుతుంది. పైగా సరుకు పంపేవాళ్ళు డీజిల్ ఖర్చు కోసం అదనంగా కట్టే ఫ్యూయల్ సర్‌ఛార్జిని చాలాచోట్ల గ్యాలన్‌కి 6 మైళ్ళే వస్తుందనుకుని లెక్కేస్తారు, అంతకు మించి మైలేజి తెచ్చుకున్నవాడికి ఆ తేడా జేబులోకే వస్తుంది. 2017లో 'రన్ ఆన్ లెస్' అనే మైలేజి ప్రదర్శనలో ఏడు ట్రక్కులు మామూలు సరుకు మోస్తూ అమెరికా రోడ్ల మీద తిరిగి సగటున 10.1 మైళ్ళు సాధించాయి, అంటే 8 దగ్గర ఆగిపోవాల్సిన అవసరం లేదు.

అయితే బావకి నేను మొదట చూపించిన లెక్క వేరు. అదే పొడుగు ముక్కు బండిని 60 మైళ్ళ దగ్గర పట్టి ఉంచితే దాని మీద గాలి బలం సుమారు 330 కిలోలు. నున్నటి బండిని 70లో తోలితే దాని మీద కూడా సరిగ్గా అంతే. మైలుకి కాలే డీజిల్‌ని తేల్చేది ఈ బలమే కాబట్టి, కుడికాలు తేలిగ్గా ఉంచుకోగలిగిన మనిషి తనకి నచ్చిన రూపాన్ని దాదాపు ఉచితంగా తెచ్చుకున్నట్టే. కాకపోతే 500 మైళ్ళకి గంటా పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకి 11 గంటలకి మించి నడపకూడదని రూల్ ఉన్నచోట ఆ గంటకి కూడా ఖరీదుంటుంది. అదే మనిషి నున్నటి బండిని 60లో తోలితే ఇంకా మిగులుతుంది, అదీ చెప్పాను.

పొడుగు ముక్కు వైపు కూడా నిజమైన కారణాలున్నాయి. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టే చోటుంటుంది, సొంతంగా రిపేరు చేసుకునేవాడికి అది చిన్న విషయం కాదు. పాత బండికి మంచి ధర పలుకుతుంది. పశువుల్నో, భారీ యంత్రాల్నో, దుంగల్నో లాగే బండికి వెనకున్న లోడే గాలిని చిందరవందర చేస్తుంది కాబట్టి ముందు మొహం నున్నగా ఉన్నా వచ్చే లాభం తగ్గుతుంది. కానీ మా బావ లాగేది 53 అడుగుల డబ్బా ట్రైలర్, డాలస్ నుంచి అట్లాంటాకి, తిన్నటి రోడ్డు మీద. గాలి లెక్క పూర్తిగా వర్తించేది సరిగ్గా ఇలాంటి పనికే.

రాత్రిళ్ళు ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచడం గురించి కూడా గట్టిగానే మాట్లాడుకున్నాం. ఊరికే నిలబడి గంటకి సుమారు 0.8 గ్యాలన్ తాగుతుంది. ఏడాదికి 250 రాత్రులు, రాత్రికి 8 గంటలంటే 1,600 గ్యాలన్లు. ఏసీ నడపడానికి చిన్న యూనిట్ ఉన్న బండే కొనమన్నాను.

చివరికి వాడిన కాస్కేడియా ఒకటి తీసుకున్నాడు, మెరూన్ రంగు వేయించాడు, లోపల వాళ్ళ నాన్న లారీలో ఉండిన వెంకటేశ్వరస్వామి ఫోటో పెట్టాడు. రెండో ట్రిప్పు తర్వాత ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. ట్రైలర్ ముందు గోడ మీద, పైభాగంలో జానెడు వెడల్పున పురుగుల మచ్చ. క్యాబిన్ పైనుంచి జారిన గాలి ట్రైలర్‌ని దాటకుండా మధ్యలో ఉన్న సందులోకి దిగి గోడని కొడుతోంది. ట్రైలర్ ఆనుకునే పళ్ళెం, ఫిఫ్త్ వీల్ అంటారు, ఆ సందు తగ్గేలా దాన్ని రెండు గాట్లు ముందుకి జరపమన్నాను. అలా జరిపితే ముందు చక్రాల మీద బరువు పెరుగుతుంది కాబట్టి కాటా మీదకి ఎక్కించి, ముందు ఇరుసు పరిమితిలోనే ఉందో లేదో చూసుకోమని కూడా చెప్పాను. చూసుకున్నాడు, సరిపోయింది. నిన్న ట్రైలర్ కడిగించి బయల్దేరాడు, బర్మింగ్‌హామ్ దగ్గర ఆగి మళ్ళీ ఫోటో పంపాడు. మచ్చ ఉంది, నాలుగు వేళ్ళ వెడల్పుంది. ఇంకొక గాటు జరపచ్చా అని అడిగాడు.