ట్యాంకు లీకులు: వైజాగ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సంపులకి, మేడ మీద కాంక్రీట్ ట్యాంకులకి సిమెంట్ కోటింగ్ వేయడం నా పని. ఎంవీపీ కాలనీ అయినా గాజువాక అయినా ఓనర్లు అనే మాటలు మాత్రం ఇవే.

"గోడ బాగా ఎండాక వేయండి." పెయింట్‌కైతే కరెక్టే, దీనికి మాత్రం రివర్స్. ఎండిన కాంక్రీటు కోటింగ్‌లో నీళ్ళు లాగేసుకుంటుంది, ఇక సిమెంటు గట్టిపడటానికి ఏం మిగల్దు. కొత్తలో నేనూ ఇలాగే బుక్కయ్యా, పెదవాల్తేరులో మేడ మీద ట్యాంకు, ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, తొందరలో తడపకుండానే వేసేశా, మర్నాడు వేలితో రాస్తే శనగపిండిలా చేతికొచ్చేసింది, మొత్తం గీకి నా డబ్బులతో మళ్ళీ వేసిచ్చా. ముందు నాచు, సిమెంటు పాలపొర (కాంక్రీటు పైన తేలి ఆరిన బలహీనమైన పొర) వైర్ బ్రష్‌తో లేపేసి బాగా తడపాలి, నీళ్ళ మెరుపు పోయి గోడ ఇంకా ముదురు రంగులో ఉందనగా బ్రష్ పట్టాలి.

"మందంగా ఒకే కోటు కొట్టేయండి." పగుళ్ళొస్తాయండీ. పల్చగా రెండు కోట్లు, ఒకటి అడ్డంగా, ఇంకోటి నిలువుగా. మొదటి దాంట్లో మిగిలిన సూది బెజ్జాలు రెండో దాంతో మూసుకుంటాయి.

"చెమ్మ బయటే కదా, బయట నుంచే వేసేయండి." లోపలి నీళ్ళు ఆ పొరని వెనకనుంచి తోసేస్తాయి, బుడగలొచ్చి ఊడిపోద్ది. నీళ్ళు ఎటుంటే కోటింగ్ అటే. సంపుతో ఇంకో తిరకాసు, వానాకాలంలో ఖాళీగా ఉంటే భూమిలో నీళ్ళు బయటనుంచి లోపలికి నెడతాయి, అలాంటి చోట సాగే అక్రిలిక్ రకం కాకుండా క్రిస్టలైన్ రకం వాడతా, అది కాంక్రీటు సన్న రంధ్రాల్లోకి దిగి స్ఫటికాలుగా పెరిగి మూసేస్తుంది. పెద్ద పగులుని అదీ మూయలేదు, గాడి కొట్టి పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక ముద్ద) పెట్టాల్సిందే. పైపు దూరే చోటు, గోడా అడుగూ కలిసే మూల, నాకు లీకులు ఎక్కువ దొరికేది అక్కడే.

"టైల్స్ వేశాం, ఇంకేం లీకు?" సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి సార్.

"తుప్పు మీద కోటింగ్ వేస్తే ఆగిపోద్ది." సముద్రం పక్కన ఉప్పుగాలికి రాడ్లు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, పెచ్చుని కోటింగ్‌తో సహా లేపేస్తుంది. పెచ్చు కొట్టి, రాడ్ శుభ్రం చేసి, రిపేరు అయ్యాకే కోటింగ్.

అన్నీ అయి బాగా ఆరాక నింపి గోడ మీద గీత పెట్టి 48 గంటలు చూడండి. మూత మాత్రం వేసి ఉంచండి బాబూ, ఎండకి ఆవిరైన నీళ్ళు కూడా నా ఖాతాలోనే రాస్తున్నారు.