ఇంట్లో పోసిన నారు ఎందుకు నిలవదు? అపోహలు - వాస్తవాలు

మిరప, టమాటా, వంగ నారు పెంచి రైతులకు ఇవ్వడం మా పని. కావలి దగ్గర షేడ్ నెట్ కింద నారు పోస్తాం. ఈ మధ్య నెల్లూరు అపార్ట్‌మెంట్లలోనూ, మిద్దెల మీదా, వరండాల్లోనూ సొంతంగా నారు పోసుకునేవారు బాగా పెరిగారు. ఎంతో సంతోషించాల్సిన విషయం ఇది. అయితే, వాళ్లు పట్టుకొచ్చే కుండీలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. నిర్లక్ష్యంతో ఎండిపోయిన నారు వాటిలో చాలా అరుదు. నీళ్లు ఎక్కువై, ఎరువు ఎక్కువై, ఎవరో చెప్పిన మందు ఎక్కువై పోయినదే ఎక్కువ. అందుకే నా దగ్గరికి తరచూ వచ్చే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: మొక్క తల వాల్చిందంటే నీళ్లు చాలలేదన్నమాట.

వాస్తవం: నీళ్లు తక్కువైనా తల వాలుస్తుంది, ఎక్కువైనా వాలుస్తుంది. వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టిలోని సందులన్నీ నీటితో నిండిపోతే వేరుకు ఊపిరాడదు, నీటిని పైకి పంపే శక్తి పోతుంది. చుట్టూ నీళ్లున్నా ఆకు దాహంతో వాడిపోతుంది. అది చూసి ఇంకో చెంబుడు పోస్తారు. అక్కడితో ఆ మొక్క పని అయిపోతుంది.

తేడా తెలుసుకోవాలంటే ముందు కుండీని చేత్తో ఎత్తి చూడండి. నీళ్లు పోసిన వెంటనే ఎంత బరువుందో ఒకసారి గుర్తు పెట్టుకుంటే, తేలికైనప్పుడు చేతికే తెలుస్తుంది. బరువుగా ఉండి కూడా మొక్క వాడితే నీళ్లు ముట్టుకోవద్దు. బాగా దెబ్బతిన్న మొక్క ఒకదాన్ని మట్టితో సహా పెకలించి, వేరును నీటిలో మెల్లగా కడగండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగుకు తిరుగుతుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి ఊడివస్తుంది, లోపల సన్నని దారం మాత్రం మిగులుతుంది. ఆ దారం కనిపించిందంటే రోగం ఆకులో లేదు, వేరులో ఉందని తేలినట్టే. ఆకు మీద ఎన్ని మందులు కొట్టినా వృథా.

మన జిల్లా వానల్లో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడతాయి. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనిపించదు. అప్పుడు కుండీ ఆరడానికి పట్టే సమయం మే నెలతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. రోజూ ఒకే వేళకు ఒకే కొలతతో నీళ్లు పోసే అలవాటు ఈ కాలంలోనే కొంప ముంచుతుంది. పైమట్టి వేలు గణుపంత లోతు ఆరాక, ఉదయం పూట పోయండి. సాయంత్రం పోస్తే తడి రాత్రంతా నిలిచి ఉంటుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి.

అపోహ: మొలకలు మొదలు దగ్గర విరిగి పడిపోతే విత్తనం నాసిరకం.

వాస్తవం: విత్తనం మంచిదైతేనే కదా మొలిచింది. మట్టిని ఆనుకుని ఉన్న చోట కాడ నీరు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, ఒకదాని పక్కన ఒకటి పడిపోతుంటే అది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు దీనికి కారణం. ఇవి మట్టిలోనే ఉంటాయి. తడి ఎక్కువగా ఉండి, విత్తనాలు ఒత్తుగా పడి, గాలి ఆడకపోతే విజృంభిస్తాయి. పాత కుండీలోని మట్టినే మళ్లీ వాడినప్పుడు ఎక్కువగా చూస్తాం.

పడిపోయిన మొలకను లేపి, మట్టి ఎగదోసి నిలబెట్టాలని చూడకండి. అది బతకదు. దాన్ని, దాని చుట్టూ ఉన్న మట్టిని తీసేసి, మిగిలిన వాటి మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి పోయండి. తెగులు శిలీంధ్రాలను అణిచే ట్రైకోడెర్మా అనే జీవ మందు కూడా మంచిదే. కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టించి విత్తితే మొదటి నుంచే కాపలా ఉంటుంది. అయితే రాగి మందునూ ట్రైకోడెర్మానూ ఒకేసారి కలిపి పోసేవారు చాలామంది ఉన్నారు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కాబట్టి, ఆ మందు దాన్నీ దెబ్బ తీస్తుంది.

పొలంలో నారుమడిని 15 సెంటీమీటర్ల ఎత్తుగా పోయమని చెప్పేది కూడా నీరు నిలవకూడదనే. కుండీలో ఆ పని అడుగున ఉన్న రంధ్రాలు చేయాలి. రంధ్రం ఉందా అని మాత్రమే కాదు, తెరిచి ఉందా అని కూడా చూడండి. మన ఎండలను కూడా వాడుకోండి. వేసవిలో కుండీ మట్టిని తడిపి, పలచగా పరిచి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా గాలి చొరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఈ శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. నెల్లూరు ఎండకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

అపోహ: త్వరగా పొడవు పెరిగిన నారు బలమైన నారు.

వాస్తవం: కాడ సన్నగా, పాలిపోయి, కిటికీ వైపు వంగి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగితే అది వెలుతురు కోసం సాగుతున్న మొక్క. మన కంటికి గది ప్రకాశంగానే కనిపిస్తుంది. కొలిస్తే తెలుస్తుంది. మధ్యాహ్నపు నిండు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటే, మనం వెలుతురు బాగుందనుకునే గదిలో కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. కిటికీ దగ్గర కొంత మేలు, రెండడుగులు లోపలికి జరిగితే అదీ పోతుంది. బయట పెట్టే వీలు లేకపోతే ఎల్ఈడీ ట్యూబులైటును మొక్కలకు జానెడు ఎత్తులోపే కట్టి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. పైకప్పుకున్న లైటు వల్ల లాభం లేదు.

సాగిపోయిన టమాటా నారును మొదటి జత ఆకుల వరకు లోతుగా నాటవచ్చు, దాని కాడకు కొత్త వేర్లు పుడతాయి. మిరపకు ఆ గుణం అంతగా లేదు. ఇంకో సంగతి, లోపల పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెట్టకండి. ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదట ఉదయపు ఎండ ఒక గంట, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ వారం పది రోజులు అలవాటు చేయాలి.

అపోహ: ఆకు పసుపైతే యూరియా వేయాలి.

వాస్తవం: ముందు ఏ ఆకు పసుపైందో చూడండి. అడుగున ఉన్న మొదటి జత ఆకులు (విత్తనపు ఆకులు) మాత్రమే పసుపై రాలుతుంటే, తక్కిన మొక్క పచ్చగా ఉంటే, కంగారు లేదు. వాటిలో దాచుకున్న ఆహారం అయిపోయింది, అంతే. కింది ఆకులు వరసగా పాలిపోతూ పైకి వస్తే నత్రజని లోపం కావచ్చు. లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టు కనిపిస్తే అది ఇనుము అందని లక్షణం. క్షారం ఎక్కువున్న నీళ్లు పోసే చోట ఇది బాగా కనిపిస్తుంది. మట్టిలో ఇనుము ఉంటుంది కానీ వేరుకు అందదు. దీనికి యూరియా ఏమీ చేయదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము కలిపి పిచికారీ చేయడం పొలంలో చెప్పే మోతాదు. లేత నారుకు నేను అందులో సగమే వాడతాను. ఇక అన్ని ఆకులూ ఒకేసారి పాలిపోతే మళ్లీ వేరు దగ్గరికే వెళ్లండి.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. చిటికెడు కూడా చిన్న కుండీలో ఉప్పు పోసినట్టే, వేరు మాడుతుంది. విత్తనపు ఆకుల తర్వాత అసలు ఆకులు రెండు జతలు వచ్చేవరకు ఏ ఎరువూ అక్కర్లేదు. ఆ తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న 19:19:19 ఎరువు లీటరుకు 1 గ్రాము చొప్పున చాలు. పచ్చి పేడ కూడా అంతే ప్రమాదం. బాగా చివికిన ఎరువే కలపండి. బూడిద చల్లితే తెగుళ్లు రావని కొందరు చల్లుతారు. బూడిద క్షారం. ఇనుము లోపం ఉన్న చోట అది ఆ లోపాన్ని ఇంకా పెంచుతుంది.

అపోహ: ఆర్వో మెషిన్ నుంచి వచ్చే వృథా నీరు మొక్కలకు పోయవచ్చు.

వాస్తవం: నీటిని పొదుపు చేయాలన్న మనసు మంచిదే. కానీ తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే. తీరం వెంట, రొయ్యల చెరువుల పక్కన బోరు నీరే ఉప్పగా ఉంటుంది, దాని వృథా నీటి సంగతి చెప్పనక్కర్లేదు. పెద్ద చెట్టు తట్టుకుంటుందేమో కానీ లేత వేరు తట్టుకోలేదు. కుండీ అంచున తెల్లని పొర కట్టడం, ఆకు కొనలు గోధుమ రంగులో మాడటం దాని గుర్తులు. నేను నీటిని, అందులోని లవణాల మోతాదును చూపే ఈసీ మీటరుతో కొలుస్తాను. 1 (డెసీసీమెన్స్/మీటరు) లోపు ఉంటే నిశ్చింతగా పోస్తాను, 2 దాటితే నారుకు ముట్టించను. మిద్దె మీది వాన నీరు పట్టుకుంటే అంతకు మించినది లేదు. అది లేకపోతే తాగునీరే పోయండి, నారు తాగేది ఎంత?

కొబ్బరి పొట్టు విషయంలోనూ ఇదే జాగ్రత్త. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. పైగా అందులో పోషకాలు దాదాపు లేవు, దాన్ని ఎరువు అనుకోకండి.

అపోహ: ఆకు ముడుచుకుంటే వైరస్సే, పీకేయాలి.

వాస్తవం: మిరప ఆకు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఇవి వైరస్ కావు. ఆకు తిప్పి భూతద్దంతో చూస్తే దొరుకుతాయి. తొలి దశలో వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీటితో సాయంత్రం పిచికారీ చేస్తే అదుపులోకి వస్తాయి.

నిజమైన వైరస్ ఒకటి మాత్రం మన చేతులతోనే వస్తుంది. పొగాకు పండే నేల మనది. పొగాకు మొజాయిక్ వైరస్ చుట్టలో, బీడీలో, నమిలే పొగాకులో కూడా బతికే ఉంటుంది. ఆ చేతులతో టమాటా, మిరప నారు ముట్టుకుంటే అంటుకుంటుంది. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తాయి. దానికి మందు లేదు. మా దగ్గర పొగాకు వాడినవారు సబ్బుతో చేతులు కడిగే వరకు ట్రేలు తాకనివ్వం. పనివాళ్ల మీద కోపంతో పెట్టిన నియమం కాదది, పక్క ట్రేలోని వేల మొక్కల కోసం.

అపోహ: చనిపోతున్న నారును ఎలాగైనా నిలబెట్టాలి.

వాస్తవం: వేరు సగం పోయిన నారు బతికినా గిడసబారిపోతుంది, పక్క మొక్కను అందుకోలేదు. మిరప విత్తనం 25 నుంచి 30 డిగ్రీల వేడిలో వారం పది రోజుల్లో మొలుస్తుంది. ఆ పాటి సమయం కోసం రోగమున్న కుండీని నెల రోజులు కాపాడుతూ కూర్చోవడం దండగ. ఆ నారును చెత్తలో వేయండి, కంపోస్టు గుంతలో కాదు. కుండీని బ్లీచింగ్ నీటితో కడిగి ఎండబెట్టి, కొత్త మట్టి నింపి, అర సెంటీమీటరు లోతున, రెండు వేళ్ల ఎడంతో మళ్లీ విత్తండి.