జల్లెడ దాటిన గాజుపెంకు

బెంగళూరు చెత్తతో చేసిన ఎరువును చుట్టుపక్కల రైతులు ఎందుకు తీసుకోవడం లేదన్న గొడవ మళ్లీ మొదలైంది. ప్లాంట్ల పక్కనున్నవాళ్లు కంపు భరించలేమంటున్నారు. నడిపేవాళ్లు సరుకు పేరుకుపోయిందంటున్నారు. చివరికి మాట రైతు మీదికే వస్తోంది, యూరియాకు అలవాటుపడ్డాడని.

ఆనేకల్, హొసకోటె, దొడ్డబళ్లాపురం పల్లెలు చూసినవాళ్లు ఆ మాట అనలేరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే రైతులు అక్కడ చాలామంది. రాగిగడ్డి వామి వేసి పశువులకు పెడతారు. అవి తినకుండా వదిలేసిన గడ్డి, పేడ, బూడిద దిబ్బలో పడతాయి. ఎండుగడ్డి ఒక్కటే దున్నేస్తే అది చివికేలోగా సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు పాలిపోతుంది. పేడతో కలిపి మాగబెట్టాలని వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పశువులు తగ్గి దిబ్బలు చిన్నవైపోయాయి కాబట్టి ఎరువు అవసరం ఇదివరకటికంటే ఎక్కువే ఉంది.

నా లెక్కలో అసలు మలుపు 2012. ఆ ఏడు నగర చెత్త పోసే మావళ్లిపుర యార్డు మూతపడి నగర వీధుల్లో చెత్త గుట్టలు పడింది. భారం మండూరు మీద పడింది. ఆ ఊరివాళ్లు పోరాడి 2014 చివర్లో దాన్నీ మూయించారు. ఆ హడావిడిలో దొరికిన చోటికల్లా లారీలు తోలారు. ఇళ్ల దగ్గరే తడి, పొడి వేరుచెయ్యాలన్న నిబంధన 2012 నుంచే ఉంది. రెండు బుట్టలు (తడికొకటి, పనికిరానిదానికొకటి), పొడికి ఒక సంచీ అనే పద్ధతిని హైకోర్టు 2015 డిసెంబరులో తప్పనిసరి చేసింది. లారీల్లో వెళ్లింది మాత్రం కలగలుపు చెత్తే. దాన్నే కుళ్లబెట్టి, ఎండబెట్టి, జల్లించి ఎరువన్నారు.

అలాంటి ఎరువును ఒకసారి దోసిట్లోకి తీసుకుని చూశాను. నల్లగా, పొడిపొడిగా బాగుంది. వేళ్లతో నలిపితే షాంపూ ప్యాకెట్ మూల ఒకటి, సన్నటి గాజుపెంకు ఒకటి తగిలాయి. నగర కంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలన్నది ప్రమాణం. ఆ పెంకూ దాటుతుంది. రాగి చేలో కలుపు తీసే ఆడవాళ్లు వట్టి చేతులతో తీస్తారు. ఒకసారి తోలించుకున్న రైతు రెండోసారి వద్దన్నాడంటే అందుకే.

ఈ ఊరి పేరుతోనే ఒక కంపోస్టు పద్ధతి ఉంది. 1939లో సి.ఎన్. ఆచార్య రూపొందించిన బెంగళూరు పద్ధతిలో చెత్తనూ మలాన్నీ గుంటలో పొరలుగా వేసి, పైన మట్టి మెత్తి, తిరగెయ్యకుండా నెలల తరబడి వదిలేసేవాళ్లు. అప్పటి చెత్తలో ప్లాస్టిక్ లేదు.

2016లో కేంద్రం నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. ఎరువుల కంపెనీలే దాన్ని అమ్మాలంది. అడ్డంకి ధర ఒక్కటే అయితే అది పనిచేసేది. టన్ను కంపోస్టులో ఉండాల్సిన నత్రజని కనీసం 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలోనే 20 కిలోలు దాటుతుంది. నత్రజని కోసమైతే కంపోస్టు ఎవరూ కొనరు. ఎర్రనేల గుల్లబారాలని, తడి నిలవాలని కొంటారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం జీకేవీకేలో దశాబ్దాలుగా సాగుతున్న రాగి ప్రయోగాల్లోనూ రసాయన ఎరువుకు పశువుల ఎరువు తోడైన మడులే నిలకడగా పండుతున్నాయి. అంత మేలు చేసే సరుకులో గాజు కలిపి ఇచ్చాం.

వేరుచేసిన చెత్త పంపితే మంచి ఎరువే ఇస్తామని ప్లాంట్లవాళ్లు అంటారు. నిజమే.

మా అపార్ట్‌మెంటు తడిచెత్త ఎరువును సర్జాపుర వైపు నుంచి ఒక పెద్దాయన రెండేళ్లుగా పట్టుకెళ్తున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు బస్తా విప్పి, ఎరువును గోనెపట్టా మీద పరిచి, అరచేత్తో మెల్లగా రాసి చూశారు. తర్వాతి నుంచి నేరుగా ట్రాక్టరు పంపుతున్నారు.