గేటు దగ్గర అలిగినవాళ్లకు

చిన్నోడికి, బుజ్జమ్మకి, మీ వెనకే తిరిగే అపార్ట్‌మెంట్ గ్యాంగ్ మొత్తానికీ,

తార్నాక నుంచి తాతయ్య రాస్తున్నాను. వాట్సాప్‌లో ఇంత టైపు చేయడం నా వల్ల కాదు, అందుకే కాగితం. నా రాత అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకోండి.

కోపం పోయిందా? సంక్రాంతి సెలవుల్లో సముద్రం చూడ్డానికి వెళ్లినప్పుడు పోర్ట్ గేటు దగ్గర జరిగింది మీరింకా మర్చిపోలేదని మీ నాన్న చెప్పాడు. "తాతయ్య 30 ఏళ్లు ఓడల మీద పనిచేశాడట, ఒక్క ఓడ కూడా దగ్గర్నుంచి చూపించలేకపోయాడు" అని బుజ్జమ్మ అందరితో అంటోందట. నిజమే. నా పాత ఉద్యోగం పుస్తకం తీసి చూపించినా ఆ జవాను నవ్వి, "పాస్ ఉందా సార్?" అన్నాడు. లేదన్నాను. "అయితే కుదరదు సార్" అన్నాడు. ఆటోలో తిరిగొచ్చేదాకా మీరిద్దరూ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు చెబుతున్నాను వినండి. అతను నన్ను లోపలికి వదిలి ఉంటే మీకంటే నాకే ఎక్కువ కోపం వచ్చేది. రిటైరయ్యే ముందు ఆరేళ్లు నేను చేసిందీ ఆ పనే. అతను రేవు వైపు, నేను ఓడ వైపు, అంతే తేడా.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1983లో మా ఓడ కోస్తాలో ఒక రేవులో సరుకు దింపుతుంటే, మీ నానమ్మ రైలు దిగి, రిక్షా మాట్లాడుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని నేరుగా ఓడ నిచ్చెనెక్కి పైకి వచ్చేసింది. గేటులో ఎవరో "ఎవరి కోసమమ్మా?" అని అడిగితే నా పేరు చెప్పిందట. అయిపోయింది. క్యారియర్‌లో గోంగూర మటన్ ఉన్న సంగతి నాకంటే ముందు మా కళాసీలకు తెలిసిపోయింది. బయటి దేశాల్లోనూ అంతే. పళ్లమ్మేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు, వాచీలవాళ్లు ఎక్కి వచ్చేసేవాళ్లు. ఒకతను రెండు చిలకలు కూడా తెచ్చాడు అమ్మడానికి. ఎవరెక్కారో, ఎవరు దిగారో లెక్కే లేదు.

మనం తెలుగులో అన్నిటికీ భద్రత అనేస్తాం. ఓడలవాళ్లు దాన్ని రెండుగా చూస్తారు. ఓడ మునగకుండా, తగలబడకుండా చూసుకోవడం సేఫ్టీ. చెడ్డ ఉద్దేశంతో వచ్చేవాణ్ణి ఆపడం సెక్యూరిటీ. మొదటిదానికి ఎప్పుడో చట్టం వచ్చింది. 1912లో టైటానిక్ మునిగితే, 1914లో కొన్ని దేశాలు లండన్‌లో కూర్చుని సోలాస్ అనే ఒప్పందం రాసుకున్నాయి. లైఫ్‌బోట్ల లెక్కలు, ఆపద కబుర్ల కోసం వైర్‌లెస్ దగ్గర కాపలా అలా వచ్చినవే. రెండోదాన్ని మాత్రం చాలాకాలం ఎవరి దారిన వాళ్లు చూసుకున్నారు.

2000 అక్టోబరులో యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటున్న కోల్ అనే అమెరికా యుద్ధనౌక పక్కకు ఓ చిన్న పడవ వచ్చి పేలిపోయింది. 17 మంది నావికులు చనిపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 11న విమానాల్నే బాంబుల్లా వాడారు. మరి చమురు నింపిన ఓడతో ఇంకేం చేస్తారో అని అందరికీ టెన్షన్ పట్టుకుంది. అనుకున్నట్టే 2002 అక్టోబరులో, మళ్లీ యెమెన్ దగ్గరే, లింబర్గ్ అనే చమురు ఓడను పడవతో గుద్ది పేల్చారు. ఆ డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఓడల సంస్థ లండన్‌లో సభ పెట్టి, సోలాస్‌కు కొత్త అధ్యాయం తగిలించింది. దాంతోపాటు వచ్చిన ఓడల, రేవుల సెక్యూరిటీ నియమావళే ఐఎస్‌పీఎస్ కోడ్. 2004 జులై 1 నుంచి అమలు. ఇన్ని దేశాలు కలిసి చేసిన చట్టం ఏడాదిన్నరలో అమల్లోకి రావడమంటే నడక కాదు, పరుగు.

దేశాల మధ్య తిరిగే ప్రయాణికుల ఓడలు, 500 టన్నులు, ఆ పైన ఉన్న సరుకు ఓడలు, అవి ఆగే రేవులు దీని కిందికి వస్తాయి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి చోటును కొలిచే లెక్క. ఆ గొడవ ఇంకో ఉత్తరంలో. ఓడకో సెక్యూరిటీ ఆఫీసరు, కంపెనీలో ఒకరు, రేవులో ఒకరు ఉండాలి. ఓడకో ప్లాన్ ఉండాలి. ఏ తలుపు వేయాలి, రాత్రి ఏ లైట్లు వెలగాలి, ఎవర్ని ఎక్కడిదాకా రానివ్వాలి, అంతా అందులో ఉంటుంది. దాన్ని తాళం వేసి దాస్తాం. రేవులో తనిఖీకి వచ్చిన అధికారికి కూడా మామూలుగా చూపించం.

జాగ్రత్తకు మూడు లెవెల్స్. ఒకటో లెవెల్ రోజూ ఉండేది. ఏదో తేడాగా ఉందనిపిస్తే రెండు. ఇక జరగబోతోందని గట్టిగా తెలిస్తే మూడు. ఓడ లెవెల్ ఎంతో దాని జెండా దేశం, అంటే ఓడ రిజిస్టరైన దేశం చెబుతుంది, రేవు లెవెల్ రేవున్న దేశం చెబుతుంది. రేవు రెండులో ఉండగా మేం ఒకటిలోనే ఉంటామంటే కుదరదు.

ఇంత చేసీ చివరికి భారమంతా నిచ్చెన పైమెట్టు దగ్గర నిలబడే ఒక కళాసీ మీద పడుతుంది. నెత్తిన ఎండ, చేతిలో వాకీటాకీ, ముందు రిజిస్టరు. పేరేమిటి, ఏ పని మీద వచ్చారు, ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు. మీ గేటులో డెలివరీ అబ్బాయిల చేత రాయించే పుస్తకం లాంటిదే. మీ వాచ్‌మన్ రాత్రికి లెక్క చూసుకుంటాడో లేదో కానీ, మేం ఓడ కదిలే ముందు చూసుకోవాల్సిందే. ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు సరిపోకపోతే వెతుకులాట మొదలు. లైఫ్‌బోట్లు, పెయింట్ల గది, లంగరు గొలుసు గది, చుక్కాని పైనుండే ఖాళీ, అన్నీ టార్చి వేసి చూస్తాం. చుక్కాని పైన మనిషేమిటని నవ్వకండి. 2022 నవంబరులో నైజీరియాలోని లాగోస్ నుంచి వచ్చిన ఓ చమురు ఓడ చుక్కాని మీద ముగ్గురు కూర్చుని 11 రోజులు ప్రయాణించారు. కెనరీ దీవుల్లో స్పెయిన్ గస్తీవాళ్లు చూసి దింపారు. ఆ ఫోటోలో వాళ్ల పాదాల కిందే సముద్రం. బతికి బయటపడ్డారు.

ఈ నియమాల్లో నాకు భలే నచ్చింది ఒక బటన్. ఓడను ఎవరైనా పట్టుకుంటే నొక్కాలి. నొక్కితే ఏమీ మోగదు. లైటు వెలగదు. పక్క ఓడకూ తెలియదు. ఫలానా ఓడ, ఫలానా చోట, ఆపదలో ఉందని ఉపగ్రహం మీదుగా ఒడ్డుకు మాత్రం కబురు వెళ్తుంది. ఎదురుగా తుపాకీ పట్టుకున్నవాడికి తెలియకూడదు కదా. ఇలాంటివి కనీసం రెండుండాలి, ఒకటి ఓడ నడిపే బ్రిడ్జి మీద. రెండోది ఎక్కడో చెప్పను, రిటైరైనా సరే.

2007లో ఓ ఆదివారం పొద్దున మా క్యాడెట్ కుర్రాడు బ్రిడ్జి మీద దుమ్ము దులుపుతూ, టేబుల్ అంచు కింద ఓ చిన్న మూత కనిపిస్తే తెరిచి, లోపల కూడా శుభ్రంగా తుడిచాడు. మేం కింద ఇడ్లీలు తింటున్నాం. పావుగంటకు శాటిలైట్ ఫోన్ వచ్చింది. అవతల కంపెనీ ఆయన చాలా మామూలు గొంతుతో, "కెప్టెన్, ఆ పంపు రిపేరు ఎంతవరకొచ్చింది?" అన్నాడు. మా ఓడలో ఏ పంపూ చెడలేదు. కెప్టెన్ ముఖం పాలిపోయింది. అది ముందే అనుకున్న మాట. అంతా క్షేమమైతే చెప్పాల్సిన జవాబు ఒకటుంది, అది చెప్పాడు. ఫోన్ పెట్టేశాక క్యాడెట్ ఎక్కడని వెతికితే, వాడు అదే గుడ్డతో కిటికీలు తుడుస్తున్నాడు. తిట్లలో సగం వాడికి, సగం నాకు. ఆ మూత గురించి వాడికి ముందే చెప్పాల్సింది నేను.

చిన్నోడా, నా టేబుల్ సొరుగులో నీకు దొరికిన ఇనప ముక్క గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లో సముద్రం లేదు కానీ రేవుంది, సనత్‌నగర్‌లో. నీళ్లు లేని రేవు. కంటైనర్లకు అక్కడే కస్టమ్స్ పని పూర్తయిపోతుంది. రిటైరయ్యాక ఓ క్లియరింగ్ ఏజెంట్ దగ్గర రెండేళ్లు పనిచేసినప్పుడు తరచూ వెళ్లేవాణ్ణి. కంటైనర్ తలుపుకు వేలంత లావు మేకు లాంటి సీలు బిగిస్తారు. చేత్తో రాదు, పెద్ద కట్టరుతో తెంచాల్సిందే. దాని మీది నంబరూ కాగితాల్లో నంబరూ ఒకటే కావాలి. ఒకసారి 8ని ఎవరో 6గా రాసిన పాపానికి లారీ మధ్యాహ్నమంతా అక్కడే ఆగిపోయింది. నీ ముక్క ఆ సీలుదే.

ఓడకూ నంబరుంటుంది. ఏడు అంకెలు. ఓడ పేరు మారొచ్చు, జెండా మారొచ్చు, యజమాని మారొచ్చు, ఆ నంబరు మాత్రం ఓడను ముక్కలు చేసేదాకా మారదు. దొంగిలించిన ఓడకు రాత్రికి రాత్రి పెయింటు వేసి కొత్త పేరు పెట్టేవాళ్లు ఉండేవారు. అందుకే 2002లో చేసిన మార్పుల్లో, ఆ నంబరును కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తు అంకెలతో ఓడ ఒంటి మీద చెరగకుండా ఉంచాలన్నారు. పాత పేర్లు, పాత యజమానులు అన్నీ రాసి ఉండే ఒక రికార్డు కూడా ఓడలోనే ఉండాలి. మేం దాన్ని ఓడ జాతకం అనేవాళ్లం. ఆ నంబరులో ఓ చిన్న కిటుకుంది. 9074729 తీసుకోండి. మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడండి. 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139. చివరి అంకె 9. నంబరులో ఏడో అంకె కూడా 9. ఇలా కుదరకపోతే ఎక్కడో తప్పున్నట్టే.

ఇక దొంగ దొరికాక ఏ చట్టం కింద విచారించాలన్నది పెద్ద చిక్కు. పైరసీ, అంటే సముద్రం మీద దోపిడీ, అనాలంటే పాత లెక్క ప్రకారం రెండు ఓడలుండాలి, దోచే ఓడ ఒకటి, దోపిడీ అయ్యే ఓడ ఒకటి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల జరిగితే అది పైరసీ కాదు, ఆ దేశం పోలీసుల కేసు. 12 అంటే 22 కిలోమీటర్ల పైన. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ రాకముందే దాటేస్తాం. 1985 అక్టోబరులో అకీలే లౌరో అనే ఇటలీ ప్రయాణికుల ఓడను ఈజిప్టు దగ్గర నలుగురు పట్టుకున్నారు. వేరే ఓడలో రాలేదు, ప్రయాణికుల్లాగే ఎక్కారు. చక్రాల కుర్చీలో ఉన్న ఓ పెద్దాయన్ను చంపి సముద్రంలో పడేశారు. ఇది పైరసీ అవునా కాదా అని లాయర్ల మధ్య వాదన. అందుకే 1988లో రోమ్‌లో సువా అనే ఒప్పందం రాశారు. ఎలా ఎక్కావన్నది అనవసరం, బలవంతంగా పట్టుకుంటే నేరమే. దొరికిన దేశం విచారించాలి, లేదా విచారించే దేశానికి అప్పగించాలి. మన దేశం దానికి తగ్గ చట్టం 2002లో చేసింది. పైరసీకి విడిగా 2022లో ఇంకో చట్టం వచ్చింది. 2024 మార్చిలో మన నేవీ దాదాపు 40 గంటలు కష్టపడి రూయెన్ అనే ఓడను సోమాలీ దొంగల నుంచి విడిపించింది. సిబ్బంది 17 మందీ క్షేమం. 35 మంది దొంగల్ని ముంబై తీసుకొచ్చి పోలీసులకు అప్పగించారు.

మరి 2008 నవంబరులో ముంబైకి ఆ పదిమంది ఎలా వచ్చారు తాతయ్యా అంటారు. వాళ్లు వచ్చింది పెద్ద ఓడలో కాదు. కుబేర్ అనే మన చేపల పడవను పట్టుకుని, తండేలు చేత ముంబై దాకా నడిపించుకుని, అతన్నీ చంపి, రబ్బరు పడవలో కొలాబా దగ్గర ఒడ్డెక్కారు. ఆ పడవ ఐఎస్‌పీఎస్ కోడ్ కంటికి ఆనేదే కాదు. వీధి తలుపుకు మూడు తాళాలు వేసి, దొడ్డి తలుపు దగ్గరగా వేసి పడుకున్నట్టయింది. తర్వాత మత్స్యకారులకు వేలిముద్రల కార్డులిచ్చారు, పడవలకు రాష్ట్రాన్ని బట్టి రంగులు వేయించారు, తీరంలో పోలీస్ స్టేషన్లు పెంచారు. నన్నడిగితే కార్డుల కంటే మత్స్యకారుల కళ్లే ఎక్కువ పనికొస్తాయి. ఆ రాత్రి కూడా "ఎవరు మీరు?" అని వాళ్లను ముందు అడిగింది ఒడ్డునున్న మత్స్యకారులే. 1908 నాటి రేవుల చట్టం, 1958 నాటి ఓడల చట్టం రెండింటి స్థానంలోనూ 2025లో పార్లమెంటు కొత్తవి చేసింది. పాతవి నాకు సెక్షన్లతో సహా వచ్చు. ఈ వయసులో మళ్లీ చదువు.

ఒక్క విషయంలో మాత్రం నా కోపం ఇంకా పోలేదు. ఓడ సిబ్బంది ఒడ్డుకు దిగి తిరిగి రావడానికి వీలు కల్పించాలని ఆ కోడ్‌లోనే ఉంది. గేట్లలో చాలామంది ఆ పేజీ చదవరు. ఒక దేశంలో, పేరు వద్దు, నెలకు పైగా ప్రయాణం చేసి రేవులో ఆగాం. మా కళాసీ ఒకతనికి శ్రీకాకుళం దగ్గర ఊళ్లో కూతురు పుట్టి రెండు రోజులైంది. గేటు బయటే ఫోన్ బూత్. కాగితాల్లో ఏదో ముద్ర లేదని అతన్ని వదల్లేదు. ఆ రాత్రి నిచ్చెన దగ్గర కాపలా అతనిదే. రిజిస్టరు చేతిలో పెట్టి, "ఎవర్నీ ఎక్కనివ్వకు" అని చెప్పింది నేనే. తెల్లవారుజామున వెళ్లి చూస్తే, ఆ బూత్ లైటు వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. రిజిస్టరులో ఒక్క తప్పు లేదు.

సరే, పని చెబుతాను. బీచ్ నుంచి బుజ్జమ్మ జూమ్ చేసి తీసిన ఫోటో మీ నాన్న పంపాడు. రేవులోకి పోతున్న ఓడ, వెనక వైపు. పేరు కింద నంబరుంది, ఆరు అంకెలు బాగానే కనిపిస్తున్నాయి. ఏడోదానికి టగ్గు, అదే ఓడల్ని లాగే చిన్న పడవ, అడ్డొచ్చింది. అదేమిటో కనిపెట్టి ఆదివారం లోపు ఫోన్ చేయండి. నేను వేసి పెట్టుకున్నాను, చెప్పను.

మీ తాతయ్య