వైయక్తికత వేరు, వ్యక్తివాదం వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లోని నా కౌన్సెలింగ్ గదికి ఏటా ఇంటర్ ప్రవేశాల రోజుల్లో వచ్చే తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఈ మాట అనకుండా వెళ్లరు: "మీరు పిల్లల ఇష్టం, పిల్లల ఇష్టం అంటారు. దానివల్లే వాళ్లకు స్వార్థం పెరుగుతోంది."

అపోహ: పిల్లల వైయక్తికతను గుర్తిస్తే వారు వ్యక్తివాదులవుతారు.

వాస్తవం: వైయక్తికత ఉన్న స్థితి. స్వభావం, అభిరుచి, నేర్చుకునే వేగం ఏ ఇద్దరిలోనూ, కవలల్లో సైతం, ఒకేలా ఉండవు. వ్యక్తివాదం ఒక విలువ, అంటే సమూహం కంటే వ్యక్తి స్వేచ్ఛకూ ప్రయోజనానికీ పెద్దపీట వేయాలనే దృక్పథం. మొదటిది మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఉంటుంది. రెండోదాన్ని కావాలంటే ఎంచుకోవచ్చు, వద్దంటే వదులుకోవచ్చు. టెట్‌కూ డీఎస్సీకీ వైయక్తిక భేదాల అధ్యాయాన్ని కంఠతా పట్టినవారే తరగతిలో అరవై మందికీ ఒకే కొలత చొక్కా కుట్టిస్తుంటే నాకు ఓపిక నశిస్తుంది.

1911లో ఫ్రాయిడ్ బృందం నుంచి విడిపోయిన మనోవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ తన సిద్ధాంతానికి వైయక్తిక మనోవిజ్ఞానం (ఇండివిడ్యువల్ సైకాలజీ) అని పేరు పెట్టినందువల్ల ఆయనను వ్యక్తివాదిగా పొరబడేవారు అధ్యాపకుల్లోనూ ఉన్నారు. మనిషి విడదీయరాని ఒకే మొత్తం అనే అర్థంలో, 'ఇండివిడ్యువల్' అనే మాటకున్న లాటిన్ మూలాన్ని బట్టి ఆయన ఆ పేరు వాడాడు. పైగా మానసిక ఆరోగ్యానికి ఆయన చూపిన గీటురాయి సామాజికాసక్తి, అంటే తోటివారితో కలిసి బతుకుతూ వారికి తోడ్పడే గుణం.

కిందటేడు ఒక కిరాణా వ్యాపారి, బైపీసీ వద్దని సీఈసీ అడుగుతున్న కూతురిని వెంటబెట్టుకొచ్చి, "నా బిడ్డ తన గురించి తప్ప ఇంటి గురించి ఆలోచిస్తలేదు సార్" అన్నాడు. ఆమె బాటనీ నోటుపుస్తకాన్ని తిరగేస్తే చివరి ఆరు పేజీల నిండా దుకాణం ఉద్దెర ఖాతా కనిపించింది: పేర్లు, పాల ప్యాకెట్లు, బియ్యం, రావలసిన బాకీ ఎర్ర సిరాతో, తీరినవాటిపై అడ్డగీత. రెండేళ్లుగా ఆ లెక్కలు చూస్తున్నది ఆమేనని ఒప్పుకున్న తండ్రి, కాసేపు ఊరుకొని, "గ్రూపు మారితే లెక్కలు ఎవరు చూస్తరు?" అని అడిగాడు. స్వార్థం ఎవరిదన్న ప్రశ్న నా నోటి దాకా వచ్చింది గానీ, ఆయన భయం కూడా నిజమైనదే కనుక అడగలేదు.

అలా భయపడే తల్లిదండ్రులకు ఒక్క మాట. మనోవిజ్ఞానవేత్తలు డెసీ, రయన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతంలో స్వయంప్రతిపత్తి అంటే ఎవరిపైనా ఆధారపడకపోవడం కాదు, చేసే పనిని మనస్ఫూర్తిగా చేయడం. కారణం తెలుసుకొని పెద్దల మాటను మనసారా పాటించే పిల్లవాడికీ అది ఉంటుంది.

అపోహ: పాశ్చాత్యులు వ్యక్తివాదులు, మనం సమూహవాదులం.

వాస్తవం: ఈ మాటకు ఆధారంగా చూపేవి, ఏ దేశంలో వ్యక్తివాదం ఎంత అని 1980లో పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ ప్రకటించిన కొలతలు. అవి ఐబీఎం ఉద్యోగుల సర్వేలపై ఆధారపడిన దేశాల సగటులు. వాటితో మీ అబ్బాయిని కొలవకూడదు.

అపోహ: ప్రతి బిడ్డకూ చూసి, విని, లేదా చేసి నేర్చుకునే ఒక అభ్యసన శైలి ఉంటుంది, దానికి తగ్గట్టు బోధిస్తేనే చదువు వస్తుంది.

వాస్తవం: 2008లో మనోవిజ్ఞానవేత్త పాష్లర్ బృందం జరిపిన సమీక్షలో దీనికి తగిన ఆధారం దొరకలేదు. వేలిముద్రలు తీసుకొని పిల్లల ప్రతిభ చెబుతామనే పరీక్షలకైతే శాస్త్రీయ పునాదే లేదు. ఆ రిపోర్టులు ఇంట్లోనే ఉంచి, నా దగ్గరకు వచ్చేటప్పుడు పిల్లల పాత నోటుపుస్తకాలను చివరి పేజీలతో సహా తీసుకురండి.